ఎదురుగా కాదు, పక్కగా బిగించండి
ఇంటి ముందు ఎవరైనా కదిలితే ఫోను మోగించే సెన్సర్ గురించి మీ వ్యాసం చదివాను. దాన్ని నేరుగా గేటు వైపు చూసేలా బిగించమని అందులో రాశారు. నేనూ మొదట అలాగే చేశాను. మనిషి గేటు తీసి సగం దూరం నడిచి వస్తే గాని ఫోను మోగేది కాదు. ఇలాంటి పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్ పసిగట్టేది పరారుణ కిరణాల్లో, అంటే ఒంటి నుంచి వెలువడే వేడి కిరణాల్లో, వచ్చే మార్పును. ఎదురుగా వచ్చేవారికన్నా అడ్డంగా దాటేవారిని అది త్వరగా పట్టుకుంటుంది. పక్క గోడకు, 2 మీటర్లకు కాస్త పైన బిగించాక ఆ బాధ తీరింది. (పిల్లి మాత్రం ఇప్పటికీ అర్ధరాత్రి లేపుతూనే ఉంది.) ఎండ వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరైతే ఈ సెన్సర్లు మందగిస్తాయి. ఆ సంగతి వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటే. మిట్టమధ్యాహ్నం నేనే దాని ముందు మూడుసార్లు తిరిగాను, ఉలుకూ లేదు, పలుకూ లేదు.