అల్లుడి చెట్టు, మామ ఎత్తు

మా అల్లుడు న్యూజెర్సీలో ఇంటి ముందు తాటిచెట్టు పెంచుతున్నాడు. తాటిచెట్టంటే ఒప్పుకోడు, విండ్‌మిల్ పామ్ అనాలి. చైనాలో పుట్టిన జాతి. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లాండ్ ఆయన 1849లో దాన్ని ఇంగ్లండుకు పంపాడు. చైనా తేయాకు మొక్కల్ని మన హిమాలయాల దాకా తెచ్చిన ఫార్చ్యూన్ కూడా ఈయనే. బాగా వేళ్ళూనుకున్న చెట్టు మైనస్ 15 డిగ్రీల చలినీ ఓర్చుకుంటుందట. ఇవన్నీ నాకెలా తెలుసంటే, మా అమ్మాయి ఎలా ఉందని ఫోన్ చేసినప్పుడల్లా అల్లుడు చెప్పేది ఇవే.

చలికాలం ముందు ఆ చెట్టుకు బట్టలు తొడగాలి. ఆకులన్నీ పైకెత్తి తాడుతో కట్టాలి. మానుకీ మొవ్వుకీ సీరియల్ బల్బులు చుట్టాలి. పైన గోనెగుడ్డ కప్పాలి. నెత్తిమీద వాన పడకుండా గొడుగులాంటిదేదో పెట్టాలి. ఉత్త చలి కంటే, చలిలో మొవ్వులోకి నీళ్ళు దిగడం ఎక్కువ ప్రమాదం. మొవ్వు కుళ్ళితే ఆ చెట్టు పని అయిపోయినట్టే. ఈ మాట అల్లుడు నాకు విడమరిచి చెప్పాడు. నాది కవిటి. ఉద్దానంలో కొబ్బరిచెట్ల కింద పుట్టి, మొవ్వుకుళ్ళు తెగులుకు బోర్డో మిశ్రమం కలపడం చూస్తూ పెరిగినవాణ్ణి. 2018లో తిత్లీ తుఫానుకు మా తోట నేలకొరిగినప్పుడు ఈయన 'సో శాడ్ మామయ్య గారూ' అని ఒక మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు నాకే మొవ్వు గురించి పాఠం. విన్నాను. అల్లుడు కదా.

అక్కడ గోనెగుడ్డ డాలర్లలో ఉందట. మా ఆవిడ కొత్త గోనెలు తెప్పించి, వాటిని విప్పి, నిలువెత్తు తొడుగు కుట్టించింది. ఎవరో స్నేహితుడు హైదరాబాద్ నుంచి బయల్దేరుతున్నాడు, ఆయన పెట్టెలో వెళ్ళాలి. వెళ్ళేలోపు కొలత చూడాలి.

మాకు ఉదయం ఏడున్నర, వాళ్ళకు రాత్రి తొమ్మిది. చీకట్లో, చలిలో చెట్టు దగ్గరికెళ్ళి టేపు పట్టడం కష్టమని అల్లుడు అన్నాడు. ఆ తర్వాత వీడియోలో నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూశాడు.

"అత్తయ్యా, చెట్టు ఐదడుగుల ఆరంగుళాలు. మామయ్య గారిదీ ఇంచుమించు అంతే కదా?"

ముప్పై రెండేళ్ళు లెక్కల మాస్టారుగా చేశాను. కొలత తెలియాలంటే టేపు చాలని చెప్పబోయాను. అప్పటికే మా ఆవిడ తొడుగు పట్టుకుని వచ్చేసింది.

"చేతులు పైకెత్తండి మామయ్య గారూ, అవి ఆకులు."

ఎత్తాను. మా ఆవిడ మణికట్ల దగ్గర కొబ్బరితాడుతో కట్టింది. తాడు మన ఉద్దానం సరుకే, గట్టిది. తర్వాత దీపావళికి కొన్న సీరియల్ సెట్టు కాళ్ళ నుంచి మెడదాకా చుట్టింది. నిజానికి చెట్టుకు కావలసింది పాతకాలం బల్బులు, వెలిగితే వేడెక్కేవి. ఎల్‌ఈడీ అయితే వెలుగే తప్ప వెచ్చదనం ఉండదు. అవి అక్కడ తేలిగ్గా దొరకడం లేదట, ఇక్కడ బజారులో ఉన్నాయేమో చూడమని అల్లుడి ఇంకో పురమాయింపు. దొరికినా మన బల్బులు 230 వోల్టులవి, వాళ్ళ కరెంటు 120 అని నేను అన్నది ఎవరూ వినలేదు, ఎందుకంటే అప్పటికి గోనె నా నోటిదాకా వచ్చేసింది. కళ్ళకు మాత్రం ఒక సందు వదిలారు.

"ఒకసారి స్విచ్ వేయండి అత్తయ్యా, కుట్లలో కన్నాలుంటే వెలుతురు బయటికొస్తుంది."

వేసింది. నేను ఎరుపు, పచ్చ, నీలం. సరిగ్గా అప్పుడే ఫోన్ తెర మీద 'రీకనెక్టింగ్' అని వచ్చింది. నెలనెలా డబ్బు ముందే తీసుకుని, మనిషికి అవసరమైన నిమిషంలో మాయమయ్యే ఈ నెట్‌వర్కుని ఏమనాలో నాకు తెలుసు గానీ రాయకూడదు. మా ఆవిడ సిగ్నల్ కోసం మేడ మీదకెళ్ళింది. పక్క మేడ మీద ఆవిడ కూడా అప్పుడే బట్టలు ఆరేస్తున్నట్టుంది. మాటలు వినిపించాయి. వడియాల గురించి.

నేను అరుగు ముందు నిలబడ్డాను. గోనె పీచు ముక్కులోకి పోయింది. తుమ్మాను. తొడుగు మొత్తం ఊగింది, లైట్లతో సహా. అదే సమయంలో మీటరు రీడింగ్ అబ్బాయి గేటు తీశాడు.

మా మీటరు అరుగు గోడకుంటుంది, నా వెనకాల. అబ్బాయి అటు నడిచి, ఆగి, నన్ను చూశాడు.

"మీటరు ఇటు పక్కనుంది బాబూ," అన్నాను మర్యాదగా.

"ఓలమ్మో!" అని గేటు దాకా వెనక్కెళ్ళాడు. పాపం, మిషన్ మాత్రం కింద పడేయలేదు. కాసేపటికి ధైర్యం చేసుకుని దగ్గరికొచ్చాడు.

"మాస్టారా? ఏటండి ఇది? మొక్కా?"

"మొక్కే."

"అమ్మోరికా అండి?"

"మా అల్లుడిది."

"అల్లుడి గారి మొక్కు మీరు తీర్చేత్తన్నారా!"

"ఏం చేస్తాం, అక్కడ మంచు. ఆయన వల్ల కావట్లేదట."

అబ్బాయి చెప్పులు విప్పేశాడు. రీడింగ్ తీసుకోవడం మర్చిపోయి వీధిలోకి పరిగెత్తాడు. మా వీధిలో వార్త పాకడానికి నెట్‌వర్కు అక్కర్లేదు. ఎదురింటి పెద్దావిడ పసుపు కుంకుమలతో వచ్చేసింది. "సిరిమాను వెళ్ళి రెండు నెల్లైనా కాలేదు, అమ్మ మళ్ళీ ఎవరి కల్లోకొచ్చిందో!" అంటోంది. పైడితల్లి అమ్మవారు పూజారి కలలోకొచ్చి సిరిమానుకు ఏ చింతచెట్టు కావాలో చెబుతుందని మా విజయనగరం నమ్మకం. కాబట్టి కలలో చెట్టు కనిపించడం ఇక్కడ వింత కాదు. చెట్టు తుమ్మడం మాత్రం కొత్త.

నేను నోరు తెరిచి అసలు సంగతి చెప్పాను. న్యూజెర్సీ, విండ్‌మిల్ పామ్, మైనస్ 15, అన్నీ. గోనెలోంచి వాళ్ళకేం వినపడిందో గానీ, ముందు వరుసలో ఇద్దరు దండం పెట్టారు. ఒక కుర్రాడు, మా వాడే, నా దగ్గర చదివి లెక్కల్లో తప్పినవాడు, "మాస్టారూ, డీఎస్సీ ఈసారైనా వస్తాదా?" అని అడిగాడు. పెద్దావిడ గోనె మీద, సరిగ్గా నా పొట్ట దగ్గర, బొట్టు పెట్టింది. అరటిపళ్ళు కూడా వచ్చాయి. చేతులు పైన ఉన్నాయి కాబట్టి తీసుకోలేకపోయాను.

అప్పుడు దిగింది మా ఆవిడ, ఫోన్‌లో అల్లుడితో. జనాన్ని చూసి నిలబడిపోయింది. అల్లుడు మాత్రం నిలబడలేదు.

"కదలకండి మామయ్య గారూ! మెడ దగ్గర లూజుగా ఉంది. ఒక్క స్క్రీన్‌షాట్."

ఆ ఫోటో ఇప్పుడు మా వియ్యంకుల వాట్సాప్ గ్రూపులో ఉంది. వియ్యపురాలు కింద రెండు చేతుల బొమ్మ పెట్టారు. తొడుగు మాత్రం వెళ్ళలేదు. స్నేహితుడి పెట్టె నిండిపోయిందట. పైగా అల్లుడు వారం కిందటే ఆన్‌లైన్‌లో ఫ్రాస్ట్ క్లాత్ కొనేశాడట, ఇది 'బ్యాకప్' కోసం అడిగాడట. మీటరు అబ్బాయి మర్నాడొచ్చి రీడింగ్ తీసుకెళ్ళాడు, మళ్ళీ చెప్పులు విప్పే.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్. ఆ జాతిలో మగచెట్టు, ఆడచెట్టు వేరువేరుగా ఉంటాయట. తనది మగదని మొన్న వేసవిలో పూత చూశాక తేలిందట. జోడీ తేవాలనుకుంటున్నాడు. నర్సరీలో ఒక ఆడచెట్టు చూసి పెట్టాడు.

"ఎత్తు సరిగ్గా ఐదడుగులు, అత్తయ్యా," అన్నాడు.

మా ఆవిడ ఫోన్ పెట్టేసింది.