తనిఖీ సంతకాలతో పాఠం మారదు

టీచర్లు సరిగా చెప్పడం లేదనగానే గుర్తొచ్చేవి రెండే: తనిఖీ, బహుమతి. బహుమతి సంగతి 1990ల చివర్లో కెన్యా ప్రాథమిక పాఠశాలల్లో తేలింది. పిల్లల ఫలితాలను బట్టి టీచర్లకు బహుమతులిస్తే ఆ పరీక్షలో మార్కులైతే పెరిగాయి. టీచర్ల హాజరు పెరగలేదు, బోధన తీరూ మారలేదు. పెరిగిందల్లా పరీక్షకు తయారుచేసే అదనపు క్లాసులు.

జీతం ఆలస్యమైతే, ఒకే గదిలో అరవై మందిని కుక్కితే ఉత్సాహం చచ్చిపోతుంది, నిజమే. అవి సరిచేస్తే అసంతృప్తి తగ్గుతుంది, అంతవరకే. పని బాగా చేయాలన్న తపన వేరే చోట పుడుతుందని ఇంజనీర్లు, అకౌంటెంట్లను అడిగి మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పాడు: పనిని సాధించడంలో, దాన్ని ఒకరు గమనించడంలో.

హెచ్‌ఎం అక్కరకొచ్చేది ఇక్కడే. విద్యా పరిశోధకురాలు వివియాన్ రాబిన్సన్ బృందం 2008లో పాత అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. హెచ్‌ఎం టీచర్ల శిక్షణను నడిపిస్తూ తానూ అందులో కూర్చుంటే పిల్లల చదువుపై ప్రభావం 0.84 (ఇది ఎఫెక్ట్ సైజు; అంకె ఎంత పెద్దదైతే ప్రభావం అంత ఎక్కువ). వనరులు సమకూర్చడానికి 0.31, క్రమశిక్షణకు 0.27.

రెండో తరగతిలో తీసివేతలు జరుగుతున్నాయనుకోండి. 52లోంచి 27 తీసేయమంటే సగం మంది 35 రాశారు. ఏది పైనుందో చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారన్నమాట. వెనక కూర్చుని నాలుగు నోట్‌బుక్కులు తిరగేసిన హెచ్‌ఎంకి ఇది దొరుకుతుంది. గుమ్మంలో నిలబడి లెసన్ ప్లాన్ మీద సంతకం పెట్టేవారికి దొరకదు. పది నిమిషాలు చాలు. అదే రోజు, పిల్లలు లేనప్పుడు, ఒక్క విషయమే మాట్లాడాలి: "రేపు పది పుల్లల కట్ట విప్పి చూపిద్దామా?" ఆరు లోపాలు ఏకరువు పెడితే టీచరు సంజాయిషీ వెతుక్కుంటారే తప్ప దేన్నీ దిద్దుకోరు. వారం తర్వాత మళ్లీ వెళ్లి అదే లెక్క చూడాలి. ఈ రెండో రాక లేకపోతే మొదటిది వృథా.

ఇదే పరిశీలనను టీచరుకిచ్చే ఏడాది చివరి గ్రేడుకు ముడిపెట్టారా, అంతే సంగతులు. బాగా వచ్చిన పాఠమే మళ్లీ చెబుతారు, చెప్పగలిగే పిల్లల్నే లేపుతారు. సాయానికి వెళ్లే రోజు వేరు, మదింపు రోజు వేరుగా ఉండాలి, ఆ సంగతి టీచరుకు ముందే తెలియాలి.

రోజుకు రెండు తరగతులు చూస్తే పది మంది టీచర్లున్న బడి ఐదు రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. టైం లేదన్నవారు స్టాఫ్ మీటింగులో సర్క్యులర్లు చదివి వినిపించడం మానేసి, వాటిని నోటీసు బోర్డుకు అంటించవచ్చు.