అట్ట విప్పని అవతారం

బొమ్మతో ఆడుకుంటే దాని విలువ పోతుందట. ఈ సంగతి తెలియక ఇన్నాళ్ళూ మా కోనసీమలో పిల్లలు బొమ్మలతో ఆడేసుకుంటున్నారు, పాపం. ఈ సంక్రాంతికి మా డల్లాస్ బావ దిగి మా అజ్ఞానం పోగొట్టాడు. మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద, యాభైకి దగ్గరపడుతున్నాడు. అందరికీ తెచ్చిన చాక్లెట్లూ సెంటు సీసాలూ సూట్‌కేసుల్లో కుక్కి, విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చినది మాత్రం ఒక్కటే. స్కెలిటార్. నీలం ఒళ్ళు, పసుప్పచ్చ పుర్రె మొహం, ఊదారంగు ముసుగు, అమెరికా బొమ్మల కథల్లో వీరుడైన హీ-మ్యాన్‌కి ఆజన్మ శత్రువు. అట్టకి అతికించిన ప్లాస్టిక్ బుడగలో కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"బొమ్మ బావుంది బావా" అన్నాను.

"బొమ్మ కాదు, యాక్షన్ ఫిగర్" అన్నాడు, నేనేదో బూతు మాట్లాడినట్టు చూసి.

ఆ మాటకో కథుంది. 1964లో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అనే సైనికుణ్ణి తయారు చేసింది. పన్నెండంగుళాలవాడు, బట్టలు విప్పి మళ్ళీ తొడగొచ్చు. అంటే ఆడపిల్లలు ఆడుకునే బొమ్మే. మగపిల్లలకి బొమ్మ కొనాలంటే తండ్రులు నామోషీ పడతారని 'యాక్షన్ ఫిగర్' అన్నారు. పేరు మార్చగానే దానికి మీసం మొలిచింది. అరవై ఏళ్ళ కిందటి ఆ అమ్మకపు మాటని మా బావ ఇవాళ వేదవాక్కులా అప్పజెబుతున్నాడు.

అట్ట నలగకుండా, బుడగ ఊడకుండా ఉంటే దాన్ని 'మింట్' అంటారట. విప్పితే 'లూజ్'. మడి కట్టుకున్న మా మామ్మ 'మైల' అనే మాట ఎలా పలుకుతుందో, మా బావ 'లూజ్' అనే మాట సరిగ్గా అలాగే పలుకుతాడు. వచ్చిన రోజే ఇల్లంతా తిరిగి స్కెలిటార్‌కి చోటు వెతికాడు. హాల్లో పెడితే ఎండ తగిలి రంగు పోతుంది. అటక మీద పెడితే ఎలకలు. కోనసీమ గాలిలో తేమకి అట్ట మెత్తబడుతుందని, చెప్పుల పెట్టెల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు డల్లాస్ నుంచే తెచ్చుకున్నాడు. చివరికి మామ్మ బీరువాలో, పట్టుచీరల మధ్య, కలరా ఉండల వాసనలో ప్రతిష్ఠించాడు.

పోనీ అది నిజంగా పాతదా అంటే, కాదు. మేటెల్ కంపెనీ 1982లో తెచ్చిన బొమ్మలనే 2020లో 'ఆరిజిన్స్' అని పేరు పెట్టి మళ్ళీ వదిలింది. అదే ఐదున్నర అంగుళాల ఎత్తు, అదే తరహా అట్ట, కాకపోతే ఈసారి మోచేతులూ మోకాళ్ళూ వంగుతాయి. వంగుతాయని మా బావ నమ్ముతున్నాడు, అంతేగాని చూసినవాడు కాదు. చిన్నప్పుడు మనం పారేసుకున్నదాన్ని పెద్దయ్యాక మనకే మళ్ళీ అమ్మడాన్ని రెట్రో అంటారు.

ఇక భోగి నాటి సంగతి.

పొద్దున్నే మామ్మ బొమ్మల కొలువు పెడదామని భోషాణం తెరిచింది. దశావతారాల సెట్టులో కల్కి లేడు. ఎలకలు పడేశాయో, నిరుడు సర్దేటప్పుడు మా చెల్లెలే విరగ్గొట్టి చెప్పలేదో మరి. తొమ్మిది అవతారాలతో కొలువేమిటని మథనపడుతూ, కట్టుకోడానికి చీర తీద్దామని బీరువా తెరిచింది. చీరల మధ్య స్కెలిటార్.

మామ్మకి చూపు అంతంతమాత్రం. సూపర్‌హీరో అంటే ఆవిడకి తెలిసింది 1980లో రామారావుగారు కట్టిన సూపర్‌మ్యాన్ వేషం ఒక్కటే. అందులో ఆంజనేయస్వామే ఉన్నాడు కాబట్టి ఈ జాతి మొత్తం దేవుడి తరఫు మనుషులేనని ఆవిడ నమ్మకం. చేతిలో కత్తి ఉంది, తల మీద కిరీటం లాంటిదేదో ఉంది, ఇంకేం కావాలి? మొహం అలా ఉందేమిటే మామ్మా అని చెల్లెలు అడిగితే, "కలియుగం ఆఖర్న వచ్చేవాడు ఇంకెలా ఉంటాడే? కల్కిని నువ్వు చూశావా, నేను చూశానా?" అంది. ఆ ప్రశ్నకి ప్రవచనకారులు కూడా జవాబు చెప్పలేరు. స్కెలిటార్ మూడో మెట్టు మీద, బుద్ధుడి పక్కన కొలువుదీరాడు.

బొట్టు పెట్టకుండా ఏ బొమ్మనీ మెట్టెక్కించే అలవాటు ఆవిడకి లేదు. ప్లాస్టిక్ బుడగ మీద, సరిగ్గా పుర్రె నుదుటికి ఎదురుగా, తడి కుంకుమతో ఇంత బొట్టు. కొత్తబట్టకి పెట్టినట్టు అట్టకి నాలుగు మూలలా పసుపు. (బొమ్మలకి మార్కులు వేసే కంపెనీలు ముందుగా భూతద్దం పెట్టి చూసేది ఆ నాలుగు మూలలేనట, తర్వాత బావే ఏడుస్తూ చెప్పాడు.) అట్ట పైన, కొట్లో కొక్కేనికి తగిలించడానికి ఒక కన్నం ఉంటుంది చూశారా, అందులోంచి దారం దూర్చి బంతిపూల దండ వేలాడదీసింది. ఆ కన్నం ఎందుకు పెట్టారో మేటెల్ వాళ్ళకి తెలియకపోయినా మామ్మకి తెలిసింది.

సాయంత్రం పేరంటాళ్ళు వచ్చారు. మా చెల్లెలి కొడుకు చిన్నోణ్ణి కొలువు ముందు పీట మీద కూర్చోబెట్టి భోగిపళ్ళు పోస్తున్నారు. రేగిపళ్ళూ చిల్లరా బంతిరేకులూ వాడి నెత్తిన పడి నాలుగు వైపులా ఎగురుతున్నాయి. సరిగ్గా అప్పుడే బావ, ఆ ముచ్చట డల్లాస్‌లో అక్కయ్యకి చూపిద్దామని ఫోను ఎత్తి వీడియో తీస్తూ లోపలికొచ్చాడు. వీడియోలో ఇప్పటికీ ఉంది. ముందు చిన్నోడు, తర్వాత మెట్లు, మత్స్యం, కూర్మం, వరాహం, నెమ్మదిగా జరుగుతూ బుద్ధుడు, ఆ పక్కన దండ వేసుకుని బొట్టు పెట్టుకున్న స్కెలిటార్. వాడి ముందు పళ్ళెంలో నానబెట్టిన శనగలు. ఆ తర్వాత తెర మీద చూరు మాత్రమే కనిపిస్తుంది, వెనకాల ఎవర్నో పాము కరిచినట్టు కేక.

"అమ్మమ్మా! ఏం చేశావే!"

"హారతి ఇంకా ఇవ్వలేదురా" అంది మామ్మ.

తడిగుడ్డతో తుడవొద్దని నేను చెబుతూనే ఉన్నాను. విన్లేదు. పసుపూ కుంకుమా కలిసి అట్టంతా పారాణి పూసినట్టయింది. ఆ రాత్రి బావ గారెలు కూడా ముట్టలేదు.

నవ్వుకున్నాం. కానీ దానికి ముందురోజు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు రాదు. చిన్నోడికి మొన్న కార్తీకంలో ఆరు నిండాయి. అట్ట మీద కూడా ఆరేళ్ళు దాటిన పిల్లలకి అనే రాసి ఉంది. "పెదనాన్నా, ఒక్కసారి ముట్టుకోనా?" అన్నాడు. చేతులు కడుక్కు రమ్మన్నాడు బావ. సబ్బుతో కడుక్కుని, లాగూకి తుడుచుకుని వచ్చాడు. మళ్ళీ కడుక్కోమన్నాడు. మళ్ళీ కడుక్కుని, తడి చేతులు అలా ముందుకు చాపుకుని నిలబడ్డాడు వెర్రిముఖం. అప్పుడు బావ అట్టని వాడి కళ్ళకి మూరెడు దూరంలో పట్టుకుని, "చూశావుగా, ఇది పెద్దవాళ్ళది నాన్నా, ఇన్వెస్ట్‌మెంట్" అని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఇదే మనిషి, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో కొత్త హీ-మ్యాన్ సిరీస్ వచ్చి, కథలో టీలా అనే అమ్మాయికి ఎక్కువ చోటిచ్చారని తెలిసినప్పుడు రాత్రి రెండింటికి నాకు ఫోన్ చేసి "నా బాల్యాన్ని నాశనం చేశారు బావా" అని వాపోయాడు. బాల్యమట! నలభై దాటినవాడి బాల్యం ఎవడు ఎత్తుకుపోయాడయ్యా? అసలు బాల్యం సబ్బు వాసన వేసే చేతులతో నీ ఎదురుగా నిలబడితే దానికి తాళం చెవి చూపించావు. ఈ పెద్దపిల్లలు కొట్టు తెరవకముందే వెళ్ళి, గోడకి తగిలించిన బొమ్మలన్నీ ఊడ్చుకుపోయి అటక మీద పేర్చుకుంటారు, తీరా ఒక కుర్రాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్తే ఖాళీ కొక్కేలు. సిగ్గుండాలి.

ఇంతా చేసి ఆ పవిత్ర గాథ ఎలా పుట్టిందో చూడండి. ముందు బొమ్మలు, తర్వాత కథ. బిగ్ జిమ్ అనే ఇంకో బొమ్మ కోసం చేసిన పులి అచ్చు మేటెల్ దగ్గర పడి ఉంది. హీ-మ్యాన్ పక్కన పెడితే అది గుర్రమంత కనిపించింది. ఆకుపచ్చ రంగు వేసి, జీను కట్టి, బ్యాటిల్ క్యాట్ అన్నారు. 1983లో కార్టూన్ వచ్చింది, బొమ్మలు అమ్మిపెట్టినందుకు ప్రాయశ్చిత్తంగా కాబోలు ప్రతి ఎపిసోడ్ చివరా పిల్లలకో నీతి చెప్పేవాళ్ళు. దీని మీద మా బావ గంటన్నర ఉపన్యాసం ఇవ్వగలడు, 'లోర్' అంటాడు, అంటే ఆ బొమ్మల పురాణమన్నమాట, మధ్యలో మంచినీళ్ళు కూడా అడగడు.

ఆ ఇన్వెస్ట్‌మెంట్ లెక్క కూడా చూద్దాం. సూపర్‌మ్యాన్ మొదట కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో పది సెంట్లు. 2024లో ఒక ప్రతి వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఎందుకు పలికింది? మిగతావన్నీ పిల్లలు చదివి, చింపి, పడవలు చేసి, పాత కాగితాల్లో వేశారు కాబట్టి. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయిన సంచికని నల్ల సంచిలో మూసి అమ్మితే మా బావలాంటి వాళ్ళు తలా పది కొని విప్పకుండా దాచారు. అందరూ దాచారు. అందుకే ఇవాళ దాన్ని అడిగే దిక్కు లేదు. ఆ పిచ్చి దిగాక, ఇలాంటి కామిక్స్ వేసే మార్వెల్ కంపెనీయే 1996లో దివాలా కోర్టుకెక్కింది. వస్తువుకి విలువ తెచ్చేది దాన్ని పాడుచేసే పిల్లలు, దాచుకునే బావలు కారు. 1977లో స్టార్ వార్స్ బొమ్మలు క్రిస్‌మస్‌కి తయారవక, కెన్నర్ కంపెనీ బొమ్మలు లేని అట్టపెట్టే అమ్మింది, అందులో రసీదు పంపితే తర్వాత పోస్టులో నాలుగు బొమ్మలు పంపిస్తామని. అంత శ్రమ కూడా దండగ. మా బావకైతే రసీదు కూడా అక్కర్లేదు, పెట్టె చాలు.

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది. మా చిన్నాన్న మద్రాసు నుంచి తెచ్చిన పాత స్కెలిటార్ ఒకటి మా ఇద్దరికీ ఉండేది. ఆ బొమ్మలకి తల మెత్తటి రబ్బరులా ఉండేది, పీకి మళ్ళీ పెట్టొచ్చు. కాలవ రేవులో కూర్చుని ఆ తలలో నీళ్ళు నింపి, నొక్కి, అవతలి రేవులో బట్టలుతికే వాళ్ళ మీద చిమ్మి, తిట్లు తినడం మాకు ఎండాకాలం సెలవులంతా పని. ఆ తలని కాలవలో వదిలేసినవాడు బావే. చీకటి పడేదాకా మునిగి వెతికాడు, మేనత్త వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళేదాకా. ముప్పై ఐదేళ్ళ తర్వాత అదే తల డాలర్లు పోసి కొనుక్కుని, ఒక్కసారైనా పీకి చూడలేదంటే ఏమనాలి!

వెళ్ళేటప్పుడు దాన్ని తీసుకెళ్ళలేదు. "ఇంకేం మింట్, ఎవడిక్కావాలి" అని బల్ల మీద వదిలేసి, రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి వెళ్తూ కారులోనే ఇంకోటి ఆర్డరిచ్చాడు. కారు సందు తిరిగిందో లేదో చిన్నోడు బుడగ పీకేశాడు. మోకాళ్ళు నిజంగానే వంగుతున్నాయి.

మొన్న బావ ఫోన్ చేశాడు. బొమ్మ ఎలా ఉందని అడగలేదు. అట్ట పారేయలేదు కదా, దాన్ని మాత్రం జాగ్రత్త చేయమన్నాడు. చేశాం. మధ్యాహ్నం కరెంటు పోతే మామ్మ దాంతోనే విసురుకుంటోంది, పిడి కూడా కుట్టించుకుంది.