చేపకు పాస్‌పోర్టు ఉండాలి

కాకినాడలో ఈమధ్య కొందరు కుర్రాళ్లు దారి తప్పారు. పోటు తీసేవేళ చిన్న వల, మూతున్న బకెట్టు పట్టుకుని ఉప్పుటేరు గట్టుకి వెళ్తున్నారు. దొరికిన చేపపిల్లల్ని తెచ్చి ఇంట్లో అక్వేరియంలో వేసుకుంటున్నారు. పైసా పెట్టి కొనకుండా! ఇది ఇలాగే సాగితే మధ్యతరగతి పరువు ఏం కాను?

అసలు హాల్లో అక్వేరియం ఎందుకు పెడతాం? వచ్చినవాళ్లు అడగాలి, మనం చెప్పాలి. "ఇండోనేషియా నుంచి వచ్చిందండీ" అంటే అవతలి మనిషి కాఫీ కప్పు కింద పెట్టి మరీ చూస్తాడు. అదే "జగన్నాథపురం వంతెన దగ్గర పట్టానండీ" అంటే? మొన్న ఒకాయన తొట్టెలో దువ్వెన చేపల జంటను చూపిస్తే, ఇంటికొచ్చిన చుట్టం కళ్లజోడు సవరించుకుని, వంగి, తీరిగ్గా చూసి, "ఇంకో రెండు నెలలు ఆగండి బావగారూ, కండ పడుతుంది" అన్నాడు. అప్పుడు ఆ చేపలు రాయికి అంటించిన గుడ్లకు రెక్కలతో నీళ్లు విసురుతూ, వంతులేసుకుని కాపలా కాస్తున్నాయి. పిల్లలు ఈత నేర్చేదాకా తల్లీ తండ్రీ పక్కనుంచి కదలవు. కేరళ వాళ్లు 2010లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు. తినడం మానలేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఉప్పుటేటి చేపల మీద నా అసలు ఫిర్యాదు, ఇవి ఓ పట్టాన చావవు. పగడపు దిబ్బల చేపకి ఓ మర్యాద ఉంది. లీటరుకి 35 గ్రాముల ఉప్పు అటూ ఇటూ కాకూడదు. అదీ వంటింటి ఉప్పు కాదు, విదేశీ డబ్బాలో వచ్చింది. పగడాలు కూడా పెట్టారా, నీళ్లు 26 డిగ్రీలు దాటకూడదు. కాకినాడ మే నెలలో అంటే నీళ్లు చల్లబరిచే చిల్లరు, కరెంటు పోతే ఇన్వర్టరు, ఇన్వర్టరు పోతే టెన్షను. దీని చుట్టూ ఎంతమంది బతుకుతున్నారు! ఉప్పుటేటి చేపకేమో ఎండాకాలం ఉప్పునీళ్లు, గోదావరికి ఎర్రనీరొస్తే దాదాపు మంచినీళ్లు. రోజూ ఆటుపోట్లు సరేసరి. అంత వరద చూసిన చేప, మీరు ఓ గరిటెడు ఉప్పు తక్కువేస్తే గమనిస్తుందా? చేపల మలం నుంచి పుట్టే విషం, అమ్మోనియా దగ్గర మాత్రం స్వదేశీ, విదేశీ తేడా లేదు. ఫిల్టర్లో దాన్ని విరిచేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి కొన్ని వారాలు ఆగకపోతే ఇదీ చస్తుంది. అదొక్కటే ఊరట.

పైగా వీటికి క్రమశిక్షణ లేదు. ముద్దొచ్చిందని పండుగప్ప పిల్లని వేసుకుంటే తెల్లారేసరికి తొట్టెలో అదొక్కటే మిగులుతుంది. వదిలేస్తే మీటరు దాటి పెరుగుతుంది. అన్నిటికన్నా ఘోరం, మగగా పుట్టి, కొన్నేళ్లకి ఆడదవుతుంది. నలుగురూ కూర్చునే హాల్లో ఇదేం వ్యవహారం? నారింజ రంగు మీద తెల్లచారల ఫారిన్ చేప కూడా ఇదే పని చేస్తుందని కుర్రాళ్లు వాదిస్తున్నారు. ఫారినోళ్లు చేస్తే దాన్ని ఆధునికత అంటారు బాబూ. ఇక మడ అడవుల బురదలో గెంతే చేప ఉంది. అది నీళ్లలోంచి లేచొచ్చి, కర్ర మీద కూర్చుని, గుడ్లు మిటకరించి మనల్నే చూస్తుంది. నీళ్లలో ఉండని చేపకి ఇంత పెద్ద తొట్టె ఎందుకని అత్తగారు అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

చట్టం మాత్రం కొంత మన పక్షానే ఉంది. కోరింగ అభయారణ్యం హద్దులో వల వేసి పట్టుకొస్తే అటవీశాఖ వాళ్లు ఊరుకోరు. సముద్రపు గుర్రం ఎక్కడ దొరికినా ముట్టుకోకూడదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. మిగతా చేపలకే దిక్కు లేదు.

మనకి ఇచ్చిపుచ్చుకోవడం తెలియదనడానికీ లేదు. అద్దం నాకి శుభ్రం చేస్తుందని దక్షిణ అమెరికా చేపను తెచ్చుకున్నాం. అది పెద్దదై విసుగు పుట్టించాక కాలవలో వదిలాం. ఇప్పుడది చెరువుల్లో పడి వలలు చింపుతోంది. రైతులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. అక్వేరియం నుంచి ఏటికి ఇంత ఘనంగా పంపాక, ఏటి నుంచి అక్వేరియానికి తేవాల్సిన అవసరం ఏమొచ్చింది?

అయినా కుర్రాళ్లు వినేలా లేరు కాబట్టి ప్రభుత్వానికి ఒక విన్నపం. ఉప్పుటేటి చేపల్ని ముందు సింగపూర్ పంపించి, అక్కణ్నుంచి దిగుమతి చేసుకునే ఏర్పాటు చూడాలి. రానూపోనూ విమానం ఖర్చు ధరలో కలిపితే దువ్వెన చేప జంటకి నేనే అడ్వాన్సు కడతాను.