ఎర్ర బటన్ నొక్కొద్దంట, డేటా ఆపేయాలంట!

ఏ గ్రూప్ తెరిచినా అదే మెసేజ్, "నెట్ కాలింగ్ యాప్‌ల దోపిడీ, తప్పక చదవండి" అని. యాప్ నుంచి మామూలు ఫోన్ నంబర్లకి నిమిషాల లెక్కన డబ్బు కట్టి చేసుకునే కాల్స్ గురించి. నా ఉద్యోగమే కాల్ సర్వర్లతో అని తెలిసినవాళ్లు కూడా నాకే ఫార్వర్డ్ చేసి "నిజమేనా?" అంటుంటే ఇక ఒకేసారి రాసి పడేస్తున్నా.

"నెట్ పోయిన క్షణమే కంపెనీకి తెలుస్తుంది, కావాలనే మీటర్ తిప్పుతారు" అట. తెలీదు బాబూ. కాల్ అయిపోయిందని సర్వర్‌కి మామూలుగా తెలిసేది ఎవరో ఒకరి వైపు నుంచి బై అనే సిప్ మెసేజ్ (సిప్ అంటే కాల్ కలపడానికి, తెంచడానికి వాడే భాష) వస్తేనే, బ్యాటరీ అయిపోయిన ఫోన్ బై ఎలా పంపుతుంది? మాటల్ని మోసే ఆర్‌టీపీ ప్యాకెట్లేమో వేరే దారిలో పోతాయి, బిల్లు రాసే సర్వర్ చాలాచోట్ల వాటిని చూడనే చూడదు. ఈ గొడవకే 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4028 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంతో సెషన్ టైమర్ పెట్టారు. కాల్ నడుస్తుండగా అప్పుడప్పుడు "ఇంకా ఉన్నా" అని చెప్పే రిఫ్రెష్ మెసేజ్, అంటే రీ-ఇన్వైటో అప్‌డేటో, వెళ్లాలి, వెళ్లకపోతే గడువుకి కాల్ కట్. ఆ గడువు 1800 సెకన్లు ఉంటే మంచిదని అందులోనే రాశారు, 90 కంటే తగ్గించొద్దని కూడా.

"వైఫైలో రెట్టింపు చార్జీ", "సర్వర్ గడియారం ఫాస్ట్" - వీటికి జవాబు దండగ. యాప్ టు యాప్ ఫ్రీ కాల్‌కి కూడా డబ్బులు పోతాయట, మీటరే లేనిదానికి!

"5 సెకన్లు మాట రాకపోతే కట్ చేసే కోడ్ ఒక్క లైను, రాయరంతే." రాస్తే తెలుస్తుంది. మామూలుగా సెకనుకి 50 ప్యాకెట్లు వస్తాయి, కానీ సైలెన్స్ సప్రెషన్ (మాట లేనప్పుడు ప్యాకెట్లు పంపకపోవడం) ఆన్‌లో ఉంటే మనిషి ఊరుకోగానే దాదాపు ఆగిపోతాయి. హోల్డ్‌లో పెట్టినా అంతే, వైఫై నుంచి మొబైల్ డేటాకి మారేటప్పుడూ అంతే. అందుకే ఆర్‌టీపీ టైమౌట్‌కి, అంటే ప్యాకెట్లు రాకపోతే కాల్ కట్ చేసే ఏర్పాటుకి, కాస్త పెద్ద గడువు, హోల్డ్‌కి ఇంకో గడువు పెడతారు. పైగా అవతల కస్టమర్ కేర్ మ్యూజిక్ వాయిస్తూనే ఉంటే అటు నుంచి ప్యాకెట్లు నిక్షేపంగా వస్తుంటాయి, మీ వైపు మాత్రమే చచ్చిందని పట్టుకోవాలంటే రెండు దిక్కులూ విడిగా చూడాలి.

ఇక అసలు కొంప ముంచే సలహా: "మాట్లాడటం అయ్యాక ఎర్ర బటన్ నొక్కకండి, డేటా ఆపేయండి, ఆఖరి నిమిషం ఫ్రీ." ఆహా! బై పంపేదే ఆ ఎర్ర బటన్ అండీ. ట్యాక్సీ దిగి డ్రైవర్‌కి చెప్పకుండా సందులోకి జారుకుంటే మీటర్ ఆగుతుందా? నెట్ సన్నగా ఉన్నా ఎర్ర బటన్ నొక్కితే, యూడీపీ (అందిందో లేదో తనంతట చూసుకోని రవాణా పద్ధతి) మీదైతే జవాబు వచ్చేదాకా ఫోన్ ఆ బైని మళ్లీ మళ్లీ పంపుతుంది, అర సెకను, ఒకటి, రెండు, నాలుగు, ఆపైన నాలుగేసి సెకన్లు ఆగుతూ మొత్తం 32 సెకన్ల దాకా. మీరు డేటా పీకేస్తే ఒక్కటీ బయటికి పోదు. అవతలి మనిషి పెట్టేస్తే సరే, కాల్ అక్కడే అయిపోతుంది. వాయిస్‌మెయిల్‌కో హోల్డ్ మ్యూజిక్‌కో తగులుకుని ఉంటే, సర్వర్‌లో ఆ 1800 సెకన్ల టైమర్ తప్ప ఇంకే కాపలా లేకపోతే, ఆఖరి రిఫ్రెష్ అవ్వగానే మీరు మాయమైతే దాదాపు అరగంట దాకా బిల్లు పడొచ్చు. ఒక్క నిమిషం మిగుల్చుకోవడానికి! ఇది కనిపెట్టిన మేధావి ఏ కంపెనీకి పనిచేస్తున్నాడో నాకైతే డౌటే.

అయితే మెసేజ్‌లో ఒక్క లైను కరెక్టే, "చచ్చిన కాల్‌కి డబ్బు తీసుకోవడం అన్యాయం" అని. టైమర్ అయిపోయి సర్వరే కాల్ కట్ చేసినప్పుడు ఆ కట్ చేసిన టైమునే ముగింపుగా రికార్డులో రాసి బిల్లేసే చోట్లున్నాయి. మాటల ప్యాకెట్లు మోసే మీడియా సర్వర్‌ని అడిగితే మీ ఆఖరి ప్యాకెట్ ఎప్పుడొచ్చిందో చెప్తుంది, బిల్లు అక్కడికే ఆపొచ్చు, చేతకాక కాదు, పట్టించుకోక. అలాంటి బిల్లొస్తే ఈ ఫార్వర్డ్ కాదు చూపించాల్సింది, బై ఎవరు పంపారు, మా వైపు ఆఖరి ఆర్‌టీపీ ప్యాకెట్ టైమెంత అని రెండు ప్రశ్నలు రాసి పంపండి.