వేలు పెట్టడం నేర్పుతారు, తీయడం నేర్పరు

మొన్న ఆదివారం పిల్లల సంగీత పోటీ ఒకటి చూడడానికి వెళ్లాను. పదకొండు, పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు వయొలిన్ మీద ఇటలీ విద్వాంసుడు పగనీని రాసిన 24వ కాప్రిస్ (ఒంటరి వయొలిన్ కోసం రాసిన చిన్న రచన) ఎత్తుకున్నాడు. తొమ్మిదో వేరియేషన్ (అదే వరసను మార్చి వాయించే భాగం) వచ్చేసరికి ఎడమచేతి వేళ్లే తీగలను మీటడం మొదలుపెట్టాయి. హాలంతా ఒక్కసారిగా చప్పట్లు. నేను రెండో వరుసలో ఉన్నాను, నాకు వినిపించింది వేరు. వేలు నొక్కని ఉత్త తీగలు ఖంగుమని మోగుతున్నాయి. వేలితో నొక్కి పలికించాల్సిన స్వరాలు సగానికి సగం లేవు. వాటి చోట చెక్కకు వేలు తగిలిన టక్కుటక్కు మాత్రమే ఉంది. ఆ అబ్బాయి చిటికెన వేలు పుల్లలా నిటారుగా బిగుసుకుపోయింది. వేదిక దిగాక ఎడమచెయ్యి విదిలించుకుంటూ వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు.

చప్పట్లు కొట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ అబ్బాయి ధైర్యానికి నేనూ కొట్టాను. అంత చిన్న చేతికి ఆ పాఠాన్ని అందించిన తీరు మీద కోపం. రెండు రోజులుగా మనసులో నలుగుతోంది, అందుకే ఇంత పొడవున రాస్తున్నాను.

అలా ఎడమచేతి వేళ్లతో తీగ మీటడాన్ని ఎడమచేతి పిజ్జికాటో అంటారు. దాన్ని మనం రెండు విధాల పాడుచేస్తున్నాం. ముందు దాన్ని పెద్ద విద్వాంసుల విద్య అని అటకెక్కిస్తాం. ఐదారేళ్లు వయొలిన్ నేర్చుకున్న పిల్లలకు కూడా దాని ఊసు ఎత్తం. ఆ తర్వాత ఏదో పోటీ వస్తుంది, హఠాత్తుగా అటక మీద నుంచి దింపి, నెల రోజుల్లో వాయించాలని పిల్లల చేతిలో పెడతాం. నా మాట ఒక్కటే: దీన్ని మొదటి ఏడాదిలోనే, రోజుకు రెండు నిమిషాలు, చప్పట్ల ఊసు లేకుండా నేర్పాలి. వేలు తీగ మీద నుంచి ఎలా లేవాలో చేతికి ఇంత సూటిగా చెప్పే పాఠం నాకు ఇంకొకటి కనబడలేదు.

తెలియనివాళ్ల కోసం అసలు పని ఎలా జరుగుతుందో చెబుతాను. మామూలు పిజ్జికాటోను కుడిచేతి వేలితో మీటుతారు. ఎడమచేతి పిజ్జికాటో అంటే స్వరం నొక్కే చేయే మీటే పని కూడా చేయడం. పాశ్చాత్య స్వరలిపిలో అలా మీటాల్సిన స్వరం మీద కూడిక గుర్తు పెడతారు. వయొలిన్ మీద ‘ఏ’ (A) అనే తీగను షడ్జం అనుకోండి. శంకరాభరణం వాయిస్తున్నామనుకుంటే చూపుడు వేలు రిషభం, మధ్య వేలు గాంధారం, ఉంగరపు వేలు మధ్యమం, చిటికెన వేలు పంచమం. నాలుగు వేళ్లనూ తీగ మీద ఆనించండి. ఇప్పుడు చిటికెన వేలిని పైకి ఎత్తకుండా, అరచేతి వైపు లాగుతూ వదలండి. తీగ మోగుతుంది. పలికేది మధ్యమం, ఎందుకంటే ఉంగరపు వేలు ఇంకా అక్కడే ఉంది. ఉంగరపు వేలు లాగితే గాంధారం, మధ్య వేలు లాగితే రిషభం, చూపుడు వేలు లాగితే ఉత్త తీగ, అంటే షడ్జం. మ, గ, రి, స. మరి పంచమం మాటేమిటి? దాన్ని మీటడానికి చిటికెన వేలికి పైన ఇంకో వేలు లేదు. కాబట్టి పంచమాన్ని కమానుతో పొట్టిగా కొట్టి, మిగతా నాలుగింటినీ ఎడమచేయి రాలుస్తుంది. హాలును ఊపేసిన ఆ తొమ్మిదో వేరియేషన్‌లో వేగంగా దిగే స్వరాల వెనక చాలావరకు ఉన్న సూత్రం ఇదే.

సూత్రం తేలిక, చేయడం కష్టం. ఒక వేలు లాగుతున్నప్పుడు దాని కింది వేలు కదలకుండా నిలబడాలి. అది వెంట్రుకవాసి సడలినా స్వరం చచ్చిపోతుంది. వేలి కొస మెత్తన, తీగ కంపనాన్ని అది తాగేస్తుంది. ఉత్త తీగ ఖంగుమనడానికీ, నొక్కిన స్వరం అణిగిపోవడానికీ కారణం అదే. పైగా నొక్కిన వేలికీ మీటే వేలికీ మధ్య దూరం రెండు మూడు సెంటీమీటర్లు. సుమారు 33 సెంటీమీటర్ల తీగను అంత కొసన మీటితే మోత సన్నగానే వస్తుంది. అది వినగానే అందరూ చేసే తప్పు ఇంకా గట్టిగా లాగడం. లాగిన కొద్దీ చెయ్యంతా బిగుసుకుంటుంది, చెయ్యి బిగిస్తే కింద నొక్కిన వేలు జరుగుతుంది, అది జరిగితే స్వరం మళ్లీ పోతుంది. ఆ అబ్బాయి చేతిలో నేను చూసింది ఈ ముడినే.

నేను విజయనగరంలో పెరిగాను. ఎనిమిదో ఏట కర్ణాటక పద్ధతిలో వయొలిన్ పట్టాను. చాప మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు. ముప్పై ఆరో ఏట హైదరాబాదులో పాశ్చాత్య పద్ధతి మొదలుపెట్టాను, ఇప్పటికి తొమ్మిదేళ్లు. ఇన్నేళ్లలో నాకు దొరికిన గురువులందరూ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పారు. స్వరస్థానం రవ్వంత తప్పితే మళ్లీ మొదటి నుంచి వాయించమన్నవాళ్లు ఉన్నారు, వాళ్లకు రుణపడి ఉన్నాను. కానీ పెట్టిన వేలిని ఎలా తీయాలో ఒక్కరూ చెప్పలేదు. ఫలితం ఏమిటంటే, నా ఆరోహణ తేటగా, అవరోహణ మసకగా ఉండేది. పైకి ఎక్కేటప్పుడు వేలు తీగ మీద పడే దెబ్బతోనే స్వరం స్పష్టంగా మొదలవుతుంది. దిగేటప్పుడు ఆ దెబ్బ ఉండదు. వేలు బద్ధకంగా లేస్తే ఒకే కమాను మీద దిగే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అదే వేలు లేస్తూ లేస్తూ తీగను కొద్దిగా పక్కకు తాకి వదిలితే, కింది స్వరం చురుగ్గా పుడుతుంది. ఆ తాకిడిని పెంచితే ఎడమచేతి పిజ్జికాటో, తగ్గిస్తే తేటైన అవరోహణ. ఈ సంగతి ఇరవై ఎనిమిదేళ్లు ఆలస్యంగా తెలిసినప్పుడు నాకు సంతోషం కన్నా దుఃఖమే ఎక్కువ కలిగింది.

అది తెలిసేలోగా ఇంకొకటి జరిగింది. పాశ్చాత్య పద్ధతిలో నాకు మొదట నేర్పినాయన ఎడమచేతి మీటు మొదలుపెట్టిన రోజున, "నొప్పి పుడితేనే బలం వస్తుంది, ఓర్చుకోండి" అన్నారు. ఓర్చుకున్నాను. రోజూ గంటన్నర చిటికెన వేలితో అన్నిటికన్నా మందమైన ‘జి’ (G) తీగను లాగాను. మూడో వారానికి మోచేతి కింద మంట మొదలైంది. నాలుగో వారంలో ఒక ఉదయం ఎడమచేత్తో పాలగిన్నె ఎత్తబోతే చేయి లేవలేదు. ఆరు వారాలు వయొలిన్ ముట్టుకోవద్దని వైద్యుడు చెప్పారు. ఆ ఆరు వారాలూ పెట్టె మూసే ఉంది, నేను చెయ్యి గురించి చదివాను. వేళ్లలో కండలు లేవు. వేలిని వంచి లాగే కండలు ముంజేతిలో, అరచేతిలో ఉంటాయి, అందుకే నొప్పి వేలికి కాక మోచేతి కింద వచ్చింది. ఉంగరపు వేలిని పైకి ఎత్తే స్నాయువు పక్క వేళ్ల స్నాయువులతో ముడిపడి ఉంటుంది. పక్క వేళ్లు నొక్కి ఉంటే అది సొంతంగా లేవలేదు. అది ఎవరి సోమరితనమూ కాదు, చెయ్యి కట్టుబడే అంత. ఇవన్నీ నేర్పేవాళ్లకు తెలియాలి. తెలిసినవాళ్లు "ఇంకా గట్టిగా" అనరు, బొటనవేలిని వదులు చేయమంటారు.

పగనీని పేరు చెప్పి భయపెట్టడం కూడా ఆపాలి. ఆయనకు దయ్యం సాయం చేసిందని ఐరోపాలో చెప్పుకున్న కథలు మనవాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెబుతారు. ఆయన ఆ 24 కాప్రిస్‌లను 1820లో మిలాన్‌లో రికార్డి అనే ప్రచురణ సంస్థ ద్వారా అచ్చు వేయించి, కళాకారులకు అంకితమిచ్చాడు. దాచుకోవాలనుకున్నవాడు అచ్చు వేయించడు కదా. 1829లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన కచేరీలు దగ్గరగా విన్న కార్ల్ గుర్ అనే సంగీత దర్శకుడు ఆ వాయింపు మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. పగనీనిని మిగతావారి నుంచి వేరు చేసే అంశాలలో కమానునూ ఎడమచేతి మీటునూ కలపడాన్ని ఒకటిగా పేర్కొన్నాడు. పగనీని వెంట ఊరూరా తిరిగి విన్న ఎర్నెస్ట్ అనే వయొలిన్ విద్వాంసుడు 1860లలో రాసిన సాధనలలో, కమాను పాట సాగిస్తుంటే ఎడమచేయి పక్కన మీటుతూ పోతుంది. స్పెయిన్ వయొలిన్ విద్వాంసుడు సరసాతే 1878లో రాసిన జిగోయ్‌నర్‌వైసన్ అనే రచన చివరి భాగంలోనూ ఈ మీటు మెరుపులు ఉన్నాయి. ఇదంతా రెండు వందల ఏళ్లుగా అచ్చులో, అందరి కళ్ల ముందు ఉన్న విద్య. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పగనీని కాలపు తీగలు గొర్రె పేగుతో చేసినవి. ఈనాటి ‘ఇ’ (E) తీగ సాధారణంగా ఉక్కుది, సన్నగా ఉండి వేలిని కోస్తుంది. పసివేళ్లకు దాని మీద మొదలుపెట్టించడం తప్పు.

మొదటి ఏడాదిలోనే నేర్పాలి అన్నది నేను కనిపెట్టింది కాదు. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పాల్ రోలండ్ 1960ల చివర్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పిల్లలకు వయొలిన్ ఎలా నేర్పాలనే దాని మీద పెద్ద పరిశోధన చేపట్టి, ఆ పాఠాలను చలనచిత్రాలుగా కూడా తీయించాడు. అందులో ఇంకా స్వరాలు సరిగ్గా రాని పిల్లలు చిటికెన వేలితో ఉత్త తీగలు మీటుతారు. ఒకసారి వయొలిన్ మెడ మొదట్లో, ఒకసారి మధ్యలో, ఒకసారి పైన, చెయ్యి ఊయలలా అటూ ఇటూ జారుతూ ఉంటుంది. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. చెయ్యి వదులుగా ఉంటోందా, మోచెయ్యి తిరుగుతోందా, చిటికెన వేలు వంపు తిరిగి ఉందా అన్నదే చూస్తారు. పిల్లలకు అది ఆట. ఆ ఆటలోనే చిటికెన వేలు మేలుకుంటుంది. పగనీనిని అందుకోవడానికి ఉన్న నిచ్చెనకు మొదటి మెట్టు అది. మనం ఆ మెట్టును తీసేసి పిల్లల్ని ఎగరమంటున్నాం.

ఫోనులో రోజూ కనబడే వీడియోల సంగతి ఎక్కువ చెప్పను. ఐదు నిమిషాల్లో ఎడమచేతి పిజ్జికాటో, పది నిమిషాల్లో రికోషే అనే కమాను విద్య అంటారు. రికోషేలో కమానును తీగ మీద వదిలేస్తే అది తనంతట తాను ఎగురుతుంది. ఎగరనివ్వడమే అక్కడి విద్య, ఎగరేస్తే పోతుంది. హార్మోనిక్ అనే సన్నని స్వరం కూడా అంతే: తీగ సరిగ్గా సగం దగ్గర వేలు ఆనీ ఆనకుండా ఉంటే పై స్థాయి స్వరం పలుకుతుంది, నొక్కితే మాయమవుతుంది. వీటన్నిటిలోనూ నేర్వాల్సింది వదలడం. ఐదు నిమిషాల్లో సూత్రం అర్థమవుతుంది, వదలడం చేతికి రావడానికి నెలలు పడుతుంది.

కర్ణాటక వయొలిన్‌కు దీనితో పనేమిటని నా పాత సహాధ్యాయులు అడుగుతారు. కృతి మధ్యలో ఎడమచేతి మీటు పెడితే నాకూ నచ్చదు, స్వరాన్ని ఊపి పలికించే గమకానికి అది అడ్డం. మన పద్ధతిలో వేళ్లు జారుతూ పలికిస్తాయి, అక్కడ దిగే స్వరానికి అందం ఆ జారుడులోనే ఉంది. కానీ మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) వాయించేటప్పుడు, రెండు వేళ్లు ఒకదాని వెంట ఒకటి లేవాల్సిన చోట ఈ సాధన ఎంత పనికొస్తుందో నా చెవులతో విన్నాను. కచేరీలో వినబడకపోయినా సాధనలో ఉండదగినది. వీణ మీద మీటు ఎంత శ్రద్ధగా నేర్పుతామో అందరికీ తెలుసు. ఒక్కో వేలు ఎలా తాకాలి, ఎలా విడవాలి అని నెలల తరబడి దిద్దుతాం. వయొలిన్‌కు కమాను ఉంది కదా అని ఆ దిద్దుబాటును వదిలేశాం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ అమ్మాయో అబ్బాయో ఎడమచేతి మీటు వాయిస్తుంటే వేగం చూడకండి. కళ్లు మూసుకుని, ఎన్ని స్వరాలు వినబడుతున్నాయో లెక్కపెట్టండి. సాధన అయ్యాక ముంజెయ్యి పట్టుకుని చూడండి, గట్టిగా ఉంటే ఆ రోజుకు చాలించమనండి. నొప్పి అంటే గురువుగారు ఏమంటున్నారో కనుక్కోండి.

మా అక్క కూతురికి ఎనిమిదేళ్లు. నాలుగు నెలలుగా నా దగ్గర నేర్చుకుంటోంది. రోజూ పాఠం మొదట్లో కమాను పెట్టెలోనే ఉంచి రెండు నిమిషాలు చిటికెన వేలితో తీగలు మీటుతుంది. మొదట చెయ్యిని మెడ మధ్యలో పెట్టించాను, అక్కడ తీగ మెత్తగా కదులుతుంది, మోత కూడా బాగా వస్తుంది. నెల తర్వాత మెడ మొదట్లో ఉండే మొదటి స్థానానికి దింపాను. గత వారం నుంచి నాలుగు వేళ్లూ పెట్టి ఒక్కొక్కటే విడుస్తోంది. ఉంగరపు వేలు విడిచినప్పుడు పలకాల్సిన గాంధారం ఎప్పుడూ అణిగిపోయేది. నిన్న సాయంత్రం అది మోగింది. సన్నగా, దోమ రొదంత, కానీ మోగింది. తనే ఆగి నా వైపు చూసి, "మామయ్యా, ఇప్పుడు నేను గట్టిగా లాగలేదు, అయినా వచ్చింది" అంది. ఇంకోసారి చేయమన్నాను. రాలేదు. మూడోసారి వచ్చింది. తర్వాత కమాను తీసి సరళీ వరుసలకు వెళ్లిపోయాం.