క్యూసెక్కుల చదువు

విజ్ఞానశాస్త్రం సామాన్యుడి గడప దాకా రావడం లేదని వాపోయేవారు ఒక్కసారి వానాకాలంలో, అంటే మా నెల్లూరు లెక్కన కార్తీకమాసంలో, పెన్న ఒడ్డున ఉన్న మా వీధికి దయచేయవలసిందిగా ప్రార్థన. వరద ఊళ్ళోకి రాకుండా వేసిన పొర్లుకట్టకు ఊరి వైపున కాక నది వైపున వెలసిన ఈ వీధిలో ఐదో తరగతి పిల్లవాడు సైతం ఈ పూట ఎగువనున్న సోమశిల జలాశయం నుంచి ఎన్ని వేల క్యూసెక్కులు వదిలారో తడుముకోకుండా చెప్పగలడు. ఆ నీళ్ళు ఇంట్లోకి వస్తాయో రావో మాత్రం వాడికీ తెలియదు, వాడి పంతులుకూ తెలియదు, ఆ అంకెను ఫోనుకు పంపినవారికీ తెలియదు.

ఏర్పాట్లలో లోపం ఉందని నేననను. 2016 సెప్టెంబరు 8న ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డీఎస్ అనే వాతావరణ ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచే పైకి వెళ్ళాయి. 36,000 కిలోమీటర్ల ఎత్తున కూర్చుని బంగాళాఖాతం మీద ఏ మబ్బు ఎటు తిరిగిందో రాత్రీ పగలూ చూస్తున్నాయి. మబ్బు అడ్డం వచ్చినా దాన్ని దాటి నేల మీద నిలిచిన నీటిని పసిగట్టే రాడార్ ఉపగ్రహాలు వేరే ఉన్నాయి. వాన చినుకుల మీదికి తరంగాలు వదిలి, అవి తిరిగి వచ్చేటప్పటి తేడాను బట్టి గాలి వేగం చెప్పే డాప్లర్ రాడార్ కూడా శ్రీహరికోటలోనే ఉంది. 2022లో జరిగిన జిల్లాల పంపకంలో శ్రీహరికోట తిరుపతి వాటాకు వెళ్ళి, పెన్న వరద మా వాటాకు మిగిలింది గాని, అన్నదమ్ముల పంపకాల్లో ఇలాంటివి మామూలే.

హెచ్చరికల భాష గురించి ఒక మాట. "ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు" అన్నప్పుడు ఆ ఒకటీ రెండూ ఎక్కడని అడగడం అవివేకం. వాతావరణ శాఖ పరిభాషలో దానికి కచ్చితమైన అర్థమే ఉంది. ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా అని. మా వీధిలో వర్షమాపకం లేదు కాబట్టి, శాస్త్రప్రకారం మా వీధిలో వాన పడదు.

ఇక క్యూసెక్కు. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. 2021 నవంబరు 19న ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీళ్ళూ పెన్న నీళ్ళూ కలిసి సోమశిలకు వచ్చి, అక్కడి నుంచి సుమారు ఐదు లక్షల క్యూసెక్కులు మా మీదికి బయలుదేరినప్పుడు, నేను బాధ్యత గల పౌరుడిగా కాగితం, కలం తీసుకుని లెక్కకు కూర్చున్నాను. సెకనుకు కోటీ నలభై ఒక్క లక్షల లీటర్లు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు సెకనుకు 14,000. భాగహారం ముగిసి శేషం దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు వంటింట్లో ఉన్నాయి. ఆ వరదకే పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. కనుక నా కాగితం కొట్టుకుపోయిందని ఫిర్యాదు చేయడం సభ్యత కాదు.

క్యూసెక్కులు అర్థం కానివారి కోసం నీటి మట్టాన్ని మీటర్లలో కూడా చెబుతారు. ఆ మీటర్లు సముద్ర మట్టం నుంచి లెక్క. మా వంటింటి గట్టు సముద్ర మట్టానికి ఎంత ఎత్తున ఉందో ఇల్లు కట్టిన మేస్త్రీ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు, గట్టు నడుము ఎత్తున ఉందా లేదా అన్నదే ఆనాడు మా ఆవిడ పట్టింపు.

ఈ విషయంలో ప్రకాశం జిల్లావారు అదృష్టవంతులు. గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు 2022లో ఒకటి, 2023 డిసెంబరులో ఇంకొకటి కొట్టుకుపోయాయి. గేట్లు ఎత్తుతామో లేదో అన్న సందిగ్ధానికి తావు లేకుండా, గేటే స్వయంగా బయలుదేరి దిగువ ఊళ్ళకు వార్త మోసుకుపోయే పద్ధతి ఇంకెక్కడా ఉన్నట్టు నేను వినలేదు.

ఇంత శాస్త్రం సవ్యంగా సాగుతూ ఉండగా, పోయిన ఏడాది మా వీధిలో ఇంజనీరింగు చదివిన ఒక కుర్రవాడు కల్లోలం తెచ్చిపెట్టాడు. నది అడుగూ, ఒడ్డూ, వీధి వీధి ఎత్తూ కొలిచి, లక్ష క్యూసెక్కులు వస్తే నీళ్ళు ఎక్కడిదాకా, మూడు లక్షలు వస్తే ఎక్కడిదాకా అని ముంపు పటాలు ముందే గీసుకోవచ్చునట. ఆ ప్రకారం ప్రతి కరెంటు స్తంభం మీద రంగు గీతలు కొడితే, సోమశిలలో వదిలిన నీళ్ళు ఇక్కడికి చేరడానికి పట్టే గంటల్లో చదువు రాని అవ్వ కూడా గీత చూసి, బియ్యం మూట అటక మీద పెట్టాలో, మేకను తోలుకుని పొర్లుకట్ట ఎక్కాలో తేల్చుకుంటుందట. పైగా నదిలో ఇళ్ళూ తుమ్మచెట్లూ పెరిగేకొద్దీ అదే నీరు ఇంకా ఎత్తున పారుతుంది గనుక, ఆ గీతలను మళ్ళీ మళ్ళీ సరిచూసుకోవాలన్నాడు.

పెద్దలు కూర్చుని ఓపికగా విన్నారు. ఖర్చెంత అని ఎవరూ అడగలేదు, రంగు డబ్బాకు ఎంతవుతుందో అందరికీ తెలుసు. చివరికి ఒక పెద్దమనిషి, "అబ్బయా, స్తంభం మీద నువ్వు గీత గీస్తే మా అంకణం ధర ఏం గావాలి?" అన్నాడు. సభ అంతటితో ముగిసింది. నీటిని క్యూసెక్కుల్లోనూ నేలను అంకణాల్లోనూ కొలుచుకునే ఊరు మాది. ఈ రెండు కొలతలనూ ఒకే స్తంభం మీద కలపడం ఎంత ప్రమాదమో ఆ కళాశాలలో చెప్పినట్టు లేదు. ఎన్ని లక్షల క్యూసెక్కులైనా చెప్పండి, ప్లాటు ధర పైసా తగ్గదు. అదే "ఇక్కడికి నాలుగడుగులు" అని తెలుగులో రాస్తే రిజిస్ట్రేషన్లు ఆగిపోతాయి. ఉపగ్రహం వల్ల ఎవరికీ నష్టం లేదు గనుకనే దానికి అందరం చప్పట్లు కొడతాం.

నేను ఆ సభలో మౌనంగా ఉన్న మాట వాస్తవం. మా వీధి మొత్తానికి తిరుగులేని వరద కొలత అప్పటికి మా ముందుగదిలోనే ఉంది. 2021 నాటి బురద గీత, నా ఛాతీ ఎత్తున, నాలుగు గోడల చుట్టూ మట్టసంగా, మేస్త్రీ రసమట్టం పెట్టి గీసినట్టు ఉండేది. మొన్న ఇంటికి బేరం వస్తే రంగులు వేయించడం మొదలుపెట్టాను.

"రెండు కోట్లు రంగు వేసినా ఈ గీత తేల్తానే ఉండాది సార్," అన్నాడు పెయింటరు. "మబ్బు పట్టినప్పుడల్లా చెమ్మ లాగుతా ఉండాది."

మూడో కోటు వేయమన్నాను. కొనేవాళ్ళు ఆదివారం వస్తామన్నారు. ఆదివారం మా జిల్లాకు పసుపు హెచ్చరిక ఉందని ఫోనులో సందేశం వచ్చింది గాని, వానలు ఒకటి రెండు చోట్ల మాత్రమేనట.